బతికున్న మనిషికి చావు గంట కొట్టాను

సంఘ పత్రిక చదువుతున్న ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నా పేరు ఆనందరావు. తెనాలి నుంచి అమృతలూరు వెళ్లే దారిలో మా పల్లె, తెనాలిలో మా కొట్టు. షామియానాలు, కుర్చీలు, మైకు సెట్టు అద్దెకిస్తాను, అందుకని మా వైపు అందరూ నన్ను మైకు ఆనందం అంటారు. ఏడో తరగతిలో బడి మానేశాను. కాదు, బడే నన్ను మానేసిందని మా సాల్మన్ మాస్టారు అంటారు, ఆయన సంగతి ముందు ముందు చాలా వస్తుంది. ఇందులో తప్పులుంటే పత్రికవాళ్లు దిద్దుతారు, వాళ్లు వదిలేసినవి దేవుడు క్షమిస్తాడు.

మైకు సెట్టువాడికి దేవుడు ఒక భాగ్యం ఇచ్చాడు, అదేమిటంటే ఏ ప్రార్థన కూటం పెట్టినా వాడు చివరిదాకా లేవకుండా కూర్చోవాలి! ఇరవై ఏళ్లుగా యాంప్లిఫయరు పక్కన స్టూలు మీద కూర్చుని ప్రభువు తమను ఏ చీకట్లోంచి లాగాడో జనం చెప్పుకునే సాక్ష్యాలు నేను విన్నన్ని మా గుడి గురువయ్యగారు కూడా విని ఉండరు. మనిషి గొంతు ఎక్కడ సన్నబడుతుందో ముందే తెలిసి సౌండు పెంచుతాను, "హల్లెలూయా" అని ఎప్పుడు అరవబోతారో కూడా తెలిసి తగ్గిస్తాను, లేకపోతే స్పీకరు కోను చిరిగిపోతుంది. వాళ్లందరి చీకట్లూ నాకు కంఠతా వచ్చు. ఒకరికి సారా, ఒకరికి పేకాట, ఒకరికి డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు. నా దగ్గర అవేవీ లేవు సహోదరులారా! నేను సోడా తాగితేనే కళ్లు తిరిగే మనిషిని. నా చీకటి నా ముక్కు కింద, రెండు పెదాల మధ్య ఉంది. నా నోరే నా సారాకొట్టు.

ఎవరి గొంతైనా రెండు నిమిషాలు వింటే చాలు, నేను వాళ్లలాగా మాట్లాడగలను. నా పెళ్లిలో గురువయ్యగారు "ఈ కన్యను నీ భార్యగా స్వీకరిస్తున్నావా" అని అడిగితే నేను అచ్చం అయ్యగారి గొంతుతోనే "స్వీకరిస్తున్నాను" అన్నాను, గుడంతా గొల్లుమంది, మా ఆవిడ రూతమ్మ మాత్రం తాను ఎవరిని పెళ్లి చేసుకుందో తెలియక ముసుగులోంచి తలెత్తి చూసింది. ఆ చూపు ఇప్పటికీ దించలేదు. ఒకరు నవ్వితే నాకు ఆకలేసేది, పదిమంది నవ్వితే సగం తీరేది, వందమంది నవ్వితే మళ్లీ ఆకలేసేది. ఇది వ్యసనం కాక మరేంటి చెప్పండి!

ఇప్పుడు మా గుడి గంట గురించి చెప్పాలి. మాది పాత లూథరన్ సంఘం, గుడి పక్కన చిన్న గది, పైన గంట, కింద తాడు. ఆరాధనకి గణగణమని వరసగా కొడతారు. ఎవరైనా చనిపోతే మాత్రం ఒక్కొక్క దెబ్బే, మధ్యలో మనిషి ఒక ఊపిరి తీసి వదిలేంత ఎడం ఇచ్చి కొడతారు. ఆ గంట వినబడితే మా పల్లెలో రుబ్బుతున్న చెయ్యి ఆగిపోతుంది, తింటున్నవాళ్లు కంచం పక్కన పెట్టి గుమ్మంలోకి వస్తారు. నలభై ఏళ్లుగా ఆ తాడు ఏసోబు తాతది. తాతకి పొలం లేదు, పశువు లేదు, ఉన్న ఒక్క కొడుకూ తాత ముందే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. తాతకున్నదల్లా ఆ గది తాళంచెవి, దాన్ని నల్లదారంతో మెళ్లో వేసుకుని తిరిగేవాడు.

రెండేళ్ల కిందట కోతల పండుగ ముందు రోజు మధ్యాహ్నం, గుడికి మైకులు కట్టడానికి వెళ్లాను. పై స్పీకరుకి వైరు గంట గదిలోంచే లాగాలి. తాత తాళం తీసి, "పని అయ్యాక తాళం వెయ్యి నాయనా, నేను రెండు మెతుకులు తినొస్తాను" అని తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లాడు. గదిలో నేను, నా వైరు, ఆ తాడు. అంతకు ముందు ఆదివారమే సంఘ పెద్ద సాల్మన్ మాస్టారు అందరి ముందూ "ఆనందం మైకు దేవుని వాక్యం కంటే ఎక్కువసేపు కుయ్యిమంటోంది, ఈసారికి గుంటూరు నుంచి తెప్పిద్దామా" అన్నారు. నవ్వారు సహోదరులారా, నన్ను చూసి వందమంది నవ్వారు! నవ్వించేవాడిని చూసి నవ్వితే వాడికి ఎంత మంటో మీకు తెలియదు.

ఆ మంటతో తాడు పట్టుకున్నాను. ఒక్క దెబ్బ. ఊపిరి. ఇంకో దెబ్బ. ఊపిరి. మూడు కొట్టేసరికి సందులోంచి మార్తమ్మత్త కేక వేసింది, "ఎవరు పోయారు తాతా?" అని. నేను తలుపు చాటు నుంచి, అచ్చం ఏసోబు తాత వణుకు గొంతుతో, "సాల్మన్ మాస్టారమ్మా" అన్నాను.

నా లెక్కేంటంటే, మాస్టారు ఇంట్లోనే ఉంటారు, గంట విని బయటికొస్తారు, ఊరంతా ఆయన్ని చూసి దయ్యం అని జడుసుకుంటారు, నేను గోడ చాటున పొట్ట పట్టుకుని నవ్వుకుంటాను. కానీ మాస్టారు పొద్దుటి బస్సుకే బాపట్ల వెళ్లారని నాకు తెలియదు. ఎందుకు వెళ్లారో తెలుసా? పింఛను ఆఫీసులో తాను బతికే ఉన్నానని కాయితం ఇవ్వడానికి! అక్కడ ఆయన బతికున్నానని సంతకం పెడుతున్న వేళకి ఇక్కడ నేను ఆయన్ని చంపేశాను.

ఆయన ఇంటి వైపు నుంచి పెద్ద ఏడుపు వినబడింది. నవ్వు రాలేదు. తాళం వేసి, తాళంచెవి తాత అరుగు మీద పడేసి, బండెక్కి తెనాలి దారి పట్టాను. మాస్టారు ఊరు దాటితే చార్జింగు అయిపోతుందని ఫోను ఆపేస్తారు, అందుకని ఎంతమంది చేసినా కలవలేదు. బాపట్లలోనే పోయి ఉంటారు, శరీరం అక్కడ్నుంచి తెస్తారు అని ఊరు ఊరే తేల్చేసుకుంది. పదినిమిషాల్లో నాకు ఫోను. "ఆనందం, మాస్టారింటికి షామియానా పట్రా, అర్జంటు!"

వెళ్లకపోతే అనుమానిస్తారు. వెళ్లాను. నేను చంపిన మనిషికి నేనే షామియానా వేశాను, నేనే కుర్చీలు దింపాను, "ఏదైనా ఆదరణ పాట పెట్టు" అంటే నేనే పెట్టాను. సమాధుల తోటలో అప్పటికే ఇద్దరు పారలు పట్టుకుని, మాస్టారు పొడుగు మనిషి కదా, గుంట ఎంత తవ్వాలని వాదించుకుంటున్నారట. లోపల మాస్టారి భార్య సుగుణమ్మగారు కబురు వినగానే గడప మీదే పడిపోయి మణికట్టు విరిగింది. ఆ మాట నా చెవిన పడినప్పుడు నేను ఒక రాట నిలబెడుతున్నాను. ఆ రాటనే పట్టుకుని నిలబడిపోయాను. ఎవరో చూసి, "పాపం, ఆనందానికి మాస్టారంటే ఎంత ప్రేమో" అన్నారు.

నాలుగు గంటల బస్సుకి మాస్టారు దిగారు. రోడ్డు మీద చూపు సరిగా ఆనని ఒక మామ్మ ఎదురైతే, "ఏంటి మామ్మా, షామియానా వేశారు, ఎవరు పోయారు?" అని అడిగారట.

"సాల్మన్ మాస్టారు బాబూ. మనిషి మంచోడే గానీ పిల్లల్ని గొడ్డును బాదినట్టు బాదేవాడు."

"ఎప్పుడు పోయాడు?"

"మద్దేనం. నువ్వు ఎవరి అబ్బాయివి?"

ఆయన గొడుగు పట్టుకుని వచ్చి తన షామియానా కింద తానే నిలబడ్డారు. సహోదరులారా, పునరుత్థానం గురించి చాలా ప్రసంగాలు విన్నాను గానీ, కుర్చీలు అంత వేగంగా ఖాళీ అవడం ఎప్పుడూ చూడలేదు!

మర్నాడు పండుగ అయ్యాక సంఘం కూర్చుంది. గంట ఎవరు కొట్టారు? మార్తమ్మత్త లేచి, "నేను చెవులారా విన్నాను, తాతే చెప్పాడు" అంది. తాళంచెవి తాతది. గొంతూ తాతది. అందరూ తాత వైపు చూశారు, తాత మాత్రం నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. నేను యాంప్లిఫయరు మీదికి వంగి, బాగానే ఉన్న వైరుని పీకి మళ్లీ పెట్టాను.

"నేనేనండి. పొరపాటయింది" అన్నాడు ఏసోబు తాత.

ఎలా పొరపాటయిందని అడిగితే ఇంకేం మాట్లాడలేదు. సుగుణమ్మగారి కట్టు చూసి అందరికీ కడుపు మండింది. ముసలాడికి మతి పోయింది, ఇక తాడు ఇవ్వకూడదన్నారు. మెళ్లోంచి నల్లదారం తీసి తాత బల్ల మీద పెట్టాడు. నలభై ఏళ్లు ఉన్న చోట మెడ మీద దారం గీత తెల్లగా కనబడింది. ఆ తర్వాత మాస్టారు నా వైపు తిరిగి, "ఆనందం, ఇక నుంచి నీ మైకులోనే గంట సౌండు పెట్టు" అన్నారు. అదీ నా శిక్ష! మెమరీ కార్డులో ఏ దేశపు గంటో ఎక్కించి ప్రతి ఆదివారం నేనే మీట నొక్కాలి. ఒకసారి గంట అయిపోగానే పెళ్లి బాజా వచ్చేసి, వృద్ధులంతా లేచి నిలబడ్డారు కూడా. కానీ మీట నొక్కిన ప్రతిసారీ నా కళ్లు వెనక బెంచీ మీదికే పోయేవి. అక్కడ తాత కళ్లు మూసుకుని కూర్చుని, ఆ సౌండుకి రెండు చేతులూ ఒళ్లో పైకీ కిందికీ ఆడించేవాడు. లేని తాడు లాగేవాడు.

అప్పటి నుంచి నాకు నిద్ర పట్టేది కాదు, తిండి సయించేది కాదు. పశ్చాత్తాపపడదామని నిశ్చయించుకున్నాను, కానీ చవగ్గా పడే దారి వెతికాను. చంటిబిడ్డగా ఉన్నప్పుడే అయ్యగారు నా నెత్తిన నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారు. ఆ నీళ్లు నా పాపానికి సరిపోలేదేమో, మొత్తం మునిగితే పోతుందేమో అనుకుని, తెనాలిలో ఒక కూటానికి మైకు కట్టినప్పుడు, కాలవలో మునిగేవాళ్ల వరసలో నేనూ నిలబడ్డాను. మునిగే ముందు నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు, మూడో మనిషికి తెలియనవసరం లేదు, ఆమేన్." బయటికొచ్చేసరికి నెత్తిన నాచు ఉంది. ఆదివారం మీట నొక్కాను. తాత చేతులు ఆడాయి. పాపం అక్కడే ఉంది, నాచు కూడా సాయంత్రానికి గానీ పోలేదు.

మంచినీళ్లలో పోలేదు కాబట్టి దీనికి ఉప్పునీళ్లు కావాలనుకున్నాను. నా వేదాంతం అంతవరకే సహోదరులారా, ఏడో తరగతి కదా! బాపట్ల నుంచి ఒక పాస్టరుగారు సూర్యలంక సముద్రంలో బాప్తిస్మాలిస్తున్నారంటే ఉచితంగా మైకు కట్టి నేనూ దిగాను. ఆయన నన్ను ముంచబోయే లోపల పెద్ద అల వచ్చి ఇద్దర్నీ కలిపి ముంచేసింది. ఆయన తేలారు, నేను తేలలేదు. వల సర్దుకుంటున్న ఒక మత్స్యకారుడు పరుగున వచ్చి నా జుట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చాడు.

"ఏంటి బాబాయ్, ఈత రానోడివి సముద్రంలోకి ఎందుకు దిగావు?"

"పాపం కడుక్కుందామని" అన్నాను, ముక్కులోంచి నీళ్లు కారుతుంటే.

"ఎవరి కాడ చేశావు పాపం?"

"మా ఊళ్లో ఒక తాత దగ్గర."

"మరి ఆ తాత కాడికెళ్లి కడుక్కోక మా సముద్రంలో కలుపుతావేంటి? మేం చేపలు పట్టుకోవద్దా?"

సహోదరులారా, ఆయన మన దేవుణ్ణి ఎరగడు, మన పాట ఒక్కటీ రాదు. కానీ ఇరవై ఏళ్లలో నేను విన్న ప్రసంగాల్లో అంత పొట్టిదీ అంత సూటిదీ ఇంకొకటి లేదు! అయినా నేను వినలేదు. చెవుల్లో నీళ్లున్నాయని సాకు పెట్టుకున్నాను.

పైగా దేవుడితోనే వాదానికి దిగాను. పంచె పిండుకుంటున్న పాస్టరుగారిని అడిగాను, "దేవుడికి అన్నీ ముందే తెలుసు కదండి, ఒకడు తప్పు చెయ్యబోతుంటే వాడి చెయ్యి పట్టుకుని ఆపొచ్చు కదండి, ఆపలేదంటే అందులో ఆయన వాటా కూడా ఉన్నట్టే కదండి?" అని. ఆయన పాపం చెవిలో నీళ్లు వొంపుకుంటూ, "ప్రార్థన చేద్దాం" అన్నారు. నేను గెలిచాననుకున్నాను. ఇంటికెళ్లేదాకా ఆ గెలుపు బాగానే ఉంది, ఆదివారం మళ్లీ మీట నొక్కాల్సి వచ్చింది.

మూడో ప్రయత్నం రేపల్లెలో. ఒక మధ్యాహ్నం కూటంలో "ఎవరైనా సాక్ష్యం చెబుతారా" అని పిలుపిచ్చారు, ఎవరూ లేవలేదు. నాకు నోరు దురద. చెప్పేద్దామనే లేచాను, నిజంగా! కానీ మైకు చేతిలోకి రాగానే, వందల మొహాలు చూడగానే, తాత సంగతి గొంతులోనే ఉండిపోయింది, విని విని అరిగిపోయిన వేరేవాళ్ల సాక్ష్యం బయటికొచ్చింది. "నేను పదేళ్లు తాగాను సహోదరులారా! మురికికాలవల్లో పడి పొర్లాను! నా భార్యను కొట్టాను!" అన్నాను. ఎక్కడ గొంతు సన్నం చెయ్యాలో, ఎక్కడ పెంచాలో నాకంటే ఎవరికి తెలుసు? కూటమంతా వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆడవాళ్ల వైపు చూస్తే మా రూతమ్మ ఒక్కతే ఏడవడం లేదు. ఇద్దరు ముగ్గురు ఆమె వీపు నిమురుతూ "ఎన్ని బాధలు పడ్డావమ్మా" అంటుంటే, పెళ్లినాటి చూపు నా మీద వేసి కూర్చుంది.

సామానంతా ట్రాలీ ఆటోలో వేసుకుని ఇద్దరం బయల్దేరాం. ఊరు దాటాక రూతమ్మ నా వైపు తిరిగింది.

"ఎప్పుడు కొట్టావు నన్ను?" అంది.

"ఊరికే, సాక్ష్యం కోసం..."

"దొంగసాక్ష్యం దేవుని పేరున చెప్పావంటే, దాని కింద ఇంకేదో నిజం దాచావు. ఏంటది?"

పదిహేనేళ్లు నాతో కాపురం చేసింది, నా గొంతుల్లో ఏది నాదో ఆమె ఒక్కదానికే తెలుసు. పొలాల మధ్య బండి ఆపి మొత్తం చెప్పేశాను. గంట, గొంతు, తాళంచెవి, అన్నీ. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, "తాత ఇంటికి దారి నీకు తెలుసా, నేను చూపించాలా?" అంది.

తెనాలి కాలవ దాకా వెళ్లాను, సూర్యలంక దాకా వెళ్లాను, రేపల్లె దాకా వెళ్లాను. తాత ఇల్లు మా ఇంటి నుంచి మూడో గుమ్మం! రెండేళ్లలో నేను వెళ్లని చోటల్లా అదొక్కటే.

తాత అరుగు మీద మంచానికి నులక బిగిస్తున్నాడు. నేను కాళ్ల మీద పడ్డాను. ఇంతలేసి మాటలు నేర్చిన నోటికి ఒక్కటే మాట వచ్చింది, "నేనే తాతా" అని.

"తెలుసురా. ఆ చివర పట్టుకో" అని నులక నా చేతికిచ్చాడు.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు తాతా? ఎందుకు మోశావు?"

"చెప్తే ఏమవుద్ది? నీ మైకుని ఎవరూ పిలవరు. నీ పెళ్లాం బిడ్డల్ని చూసి ఊరు ఉమ్మేద్ది. నాకేముంది, తాడే కదా పోయింది. అయినా, ఏ తప్పూ చెయ్యని ప్రభువు నా కోసం నోరు మెదపకుండా నిలబడ్డాడని నలభై ఏళ్లు గంట కొట్టి అందర్నీ పిలిచాను. ఒక్కసారన్నా నేను నిలబడకపోతే ఆ గంట ఎందుకు కొట్టినట్టు?"

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, చూడండి నా పాడు బుద్ధి, ఆ వాదం మళ్లీ తీశాను. "దేవుడు నా చెయ్యి ఆపి ఉండొచ్చు కదా తాతా?" అన్నాను.

తాత నులక లాగడం ఆపి నా వైపు చూశాడు. "గంట లోపల ఇనప నాలిక ఉంటది చూశావా? దాన్ని ఎటు ఊపితే అటు తగులుద్ది. తప్పు కొట్టిందని దాన్ని ఎవరూ తిట్టరు, బాగా కొట్టిందని ఎవరూ మెచ్చుకోరు. దేవుడు నిన్ను అలా చేసి ఉంటే నీకు బాగుండేదా? తాడు నీ చేతికిచ్చాడు. లాగింది నువ్వు. ఇప్పుడు నా గుమ్మానికి నడిచొచ్చిందీ నువ్వే. నిన్ను ఎవడన్నా ఊపాడా?"

"రూతమ్మ ఊపింది" అన్నాను.

తాత నవ్వాడు. రెండేళ్ల తర్వాత నేను ఒక మనిషిని నవ్వించాను, ఆ నవ్వుతో నాకు మొదటిసారి ఆకలి తీరింది!

"మరి క్షమించావా తాతా?"

"ఆ రోజే క్షమించాను. రెండేళ్లుగా పట్టుకుని కూర్చున్నాను, నువ్వు తీసుకోవడానికి రాలేదు. కానీ ఒరేయ్, సుగుణమ్మ చెయ్యి నాది కాదు. ఆ క్షమాపణ నా దగ్గర లేదు, అది ఆమె దగ్గరే అడుక్కోవాలి."

ఆ ఆదివారం గంట సౌండు మీట నేను నొక్కలేదు. ఆరాధన మధ్యలో అనుమతి అడిగి ముందుకొచ్చి మైకు పట్టుకున్నాను. కుయ్యిమంది! అందరూ నవ్వారు. ఆ నవ్వులోకి దూరిపోదామని ప్రాణం లాగింది, ఒక్క జోకు వేస్తే చాలు, తప్పించుకోవచ్చు. నాకు నేనే మైకు ఆపేసి పక్కన పెట్టాను. ఎవరి గొంతూ పెట్టుకోకుండా, నా గొంతుతో, చావు గంట కొట్టింది నేనని, తాత గొంతుతో మాట్లాడింది నేనని, షామియానా వేసి ప్రేమ నటించింది నేనని, రేపల్లెలో చెప్పింది దొంగసాక్ష్యమని చెప్పాను. నా అసలు గొంతు ఇంత చిన్నదా అని నాకే ఆశ్చర్యం వేసింది. చివరి బెంచీలకి వినబడక "ఏంటి, ఏంటంట?" అంటుంటే మార్తమ్మత్త గట్టిగా అందించింది. అలా నా పాపం మా సంఘానికి రెండేసిసార్లు వినబడింది.

సాల్మన్ మాస్టారు లేచారు. "గుంజీలు తియ్యి" అన్నారు.

ఏడో తరగతి నుంచి ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు చెవులు పట్టుకున్నాను. హమ్మయ్య, శిక్ష దొరికింది, వంద తీసి తీర్చేసుకుంటాను అనుకున్నాను. మూడోది తీస్తుంటే మోకాలు టక్కుమంది. సుగుణమ్మగారు ఆ విరిగి అతికిన చేతితోనే మాస్టారి చొక్కా పట్టి లాగారు. "ఆపమనండి. వాడు వంద గుంజీలు తీస్తే నా చెయ్యి అతుకుతుందా? దేవుడు ఎప్పుడో అతికించాడు. నేను క్షమించానని చెప్పండి వాడికి."

అప్పుడు అర్థమైంది సహోదరులారా! కాలవలో మునకలు, సముద్రంలో మునకలు, ఉచిత మైకులు, ఇవన్నీ నేను తీస్తున్న గుంజీలే. నా మోకాళ్లతో నేను తీర్చుకోగలిగిందైతే సిలువ మీద ఆయన అంత బాధ పడడం ఎందుకు? మన వంతుగా చెయ్యాల్సింది ఒకటే, దాచుకోకుండా వచ్చి, చెయ్యి చాపి, ఆయన ఇచ్చేది పుచ్చుకోవడం. అది గుంజీల కంటే కష్టం, నన్నడగండి.

ఆపైన మాస్టారు చేసింది నేను ఊహించలేదు. ఆయన వెనక బెంచీ దాకా నడిచి వెళ్లి, "నేను విచారించకుండా నీ మెళ్లో దారం తీయించాను ఏసోబూ, అందులో నా కోపం ఉంది, నన్ను క్షమించు" అని తాత ముందు చేతులు జోడించారు. తర్వాత నా వైపు తిరిగి, "నేను పోయాక నా గురించి జనం ఏమనుకుంటారో బతికుండగానే విన్నాను. చాలామందికి ఆ భాగ్యం ఉండదు. ఆ మామ్మ చెప్పింది నిజమేరా, మిమ్మల్ని మరీ బాదాను" అన్నారు. అంతలోనే, "అయినా నీ మైకు కుయ్యిమంటూనే ఉంది" అన్నారు. అదీ నిజమే. మర్నాడే బాగు చేయించాను.

తాళంచెవి తాత మెళ్లోకి తిరిగొచ్చింది. కానీ రెండేళ్లలో తాత భుజాలు వంగిపోయాయి, తాడు ఒక్కడూ లాగలేకపోతున్నాడు. అందుకని ఆదివారం పొద్దున్నే ఇద్దరం కలిసి లాగుతాం, పైన తాత చేతులు, కింద నా చేతులు. మొదటి రోజు గంట కొట్టాక తాత ఆయాసపడుతూ, "ఒరేయ్ ఆనందం, నేను పోయినప్పుడు నా గంట నువ్వే కొట్టాలి" అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగి, "అలాగే తాతా" అన్నాను. "కానీ ముందు లోపలికొచ్చి, నేను నిజంగా పోయానో లేదో చూసుకుని కొట్టు" అన్నాడు.

దేవుడు నా నోరు తీసెయ్యలేదు, ఆయనకి స్తోత్రం. ఇప్పటికీ గొంతులు అనుకరిస్తాను, కాకపోతే ఎవరి గొంతు పెట్టుకుంటానో వాళ్ల ఎదుటే పెట్టుకుంటాను. నా వంటి దొంగనోటివాడిని వెతికి పట్టుకుని, ఒక ముసలి తాత మౌనంతో, ఒక మత్స్యకారుడి చీవాట్లతో, మా ఆవిడ ఒక్క ప్రశ్నతో ఇంటికి లాక్కొచ్చిన ప్రభువుకే సమస్త మహిమ కలుగును గాక!

ఇది చదువుతున్న సహోదరుడా, సహోదరీ, మీరు ఎన్ని కాలవల్లో మునిగారో నాకు తెలియదు. మీరు వెళ్లని ఆ మూడో గుమ్మం ఎవరిదో మీకు తెలుసు. మిమ్మల్ని ఎవరూ బలవంతంగా నడిపించరు, కానీ అక్కడ క్షమాపణ ఎప్పటి నుంచో ఎదురు చూస్తూ ఉంటుందని నా మోకాళ్ల సాక్షిగా చెబుతున్నాను, నమ్మి బయల్దేరండి. ఎప్పుడైనా ఆదివారం ఎనిమిదింటికి మా ఊరి మీదుగా వెళుతూ గంట గణగణమని వినబడితే ఆగండి. కొడుతున్నది తాతా, నేనూ. కంగారు పడకండి, అది బతికున్నవాళ్ల కోసమే.